రోమ్‌లో పోయిన కుక్కర్

శుక్రవారం మధ్యాహ్నం మస్కట్‌లో ఏ తెలుగింటికి భోజనానికి వెళ్లినా ఆఖర్న టీవీలో ఫొటోలు చూడక తప్పదు. శ్రీరామచంద్రమూర్తి ఇంట్లో అయితే రోమ్ ఫొటోలు, వాటికి తోడు కుక్కర్ కథ. ఆ కథ ఎక్కడిదాకా వచ్చిందో, వంటింట్లో గారెలు వేస్తున్న ఆయన భార్య శేషుకుమారి హాల్లో నవ్వుల్ని బట్టే చెప్పేయగలదు. ఇది నాలుగోసారి మరి.

“కొలోసియం గేటు దగ్గర బ్యాగు లోపలికి వద్దన్నారు. ఈవిడ కాపలా ఉంటానంది. రెండు గంటల తర్వాత వస్తే బ్యాగూ లేదు, అందులో కుక్కరూ లేదు. దొంగ ఎత్తుకుపోతుంటే మా ఆవిడ టాటా చెప్పుంటుంది.”

ఉంటానని ఆమె ఎప్పుడంది? “పాత గోడలేగా, నువ్వుండు శేషూ,” అన్నది ఆయనే. ఆ గోడల్ని చూడాలని పదో తరగతి నుంచీ కలగన్నది ఆమె. వీసా కాగితాలు, టికెట్లు చూసుకున్నదీ ఆమే. ఆయనకు రొట్టెముక్కలు సహించవు కనుక పొద్దున్నే హోటల్ గదిలో పులిహోర కలిపింది. గదిలో వంట నిషేధం కాబట్టి, ఊడ్చేవాళ్ల కంటపడకుండా ఆ కరెంటు కుక్కర్‌ని అన్నంతో సహా రోజూ ఊరంతా మోసింది.

ఆ రోజు గేటు బయట ఎండలో అరగంట నిలబడ్డాక, గొడుగులమ్మే బంగ్లాదేశ్ ఆయన “దీదీ, ఛావ్ మే ఆవో” అని నీడలోకి పిలిచాడు. మస్కట్‌లో తమ రూవీ పేట కూరగాయల కొట్లో రోజూ వినే హిందీయే. ఏమైనా తిన్నావా భాయ్ అంటే, పొద్దుటి బ్రెడ్డే అన్నాడు. బ్యాగు అతని చేతికిచ్చి, పులిహోర తిను, కుక్కర్ కూడా నీదే అని, తన టికెట్ తీసుకుని లోపలికి నడిచింది. పెళ్లైన పంతొమ్మిదేళ్లలో రెండు చేతులూ ఖాళీగా ఒక చోట నిలబడటం అదే మొదలు. ఆ సంగతి తోచగానే ఏడుపొచ్చింది, సంతోషంతోనే. కింది వరసలో మూర్తి, కూతురు రిషిత కనిపించారు. పిలవబుద్ధి కాలేదు. వాళ్లకంటే ముందే బయటికొచ్చేసింది. “దొంగలు కొట్టేశారా?” అని ఆయనే అంటే ఊరుకుంది. ఆ ఊరుకోవడమే అలుసైపోయింది.

“ఈద్ సెలవులకి ఏథెన్స్. అక్కడా ఏదో పాత గుడి ఉంది, కొండ మీద,” అంటున్నాడు మూర్తి. “కొత్త కుక్కర్ కొన్నాను. ఈసారి గొలుసేసి ఈవిడ నడుముకి కట్టేస్తాను.”

అందరూ నవ్వారు. పదిహేనేళ్ల రిషిత అందరికంటే గట్టిగా నవ్వింది. మిగతావాళ్ల నవ్వు నాలుగుసార్లు మింగింది గానీ, ఇది శేషుకుమారికి గొంతు దిగలేదు. ఇవాళ ఊరుకుంటే, రేపు ఈ పిల్లా ఎవరి బ్యాగుకో కాపలా ఉంటుంది. పొయ్యి ఆర్పి హాల్లోకి వచ్చింది.

“దొంగెవడూ లేడండీ. కుక్కర్ నేనే ఒకాయనకిచ్చేసి లోపలికొచ్చాను. పై వరసలో నిలబడి మిమ్మల్ని చూశాను కూడా.”

రిషిత తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. అతిథిగా వచ్చిన సుమలత చేతిలోని ప్లేటు పక్కన పెట్టేసింది.

“మరి ఏథెన్స్‌లో అన్నం ఎవరు వండుతారు?” అన్నాడు మూర్తి. ఆయనకు తట్టింది అదొక్కటే.

“కుక్కర్ కొన్నవాళ్లు,” అంది శేషుకుమారి సోఫాలో కూర్చుంటూ. “నేను చేతులూపుకుంటూ కొండెక్కుతాను.”