కళ్లు తిరిగితే సున్నా

“కళ్లు తిరుగుతున్నాయి” అంది ఆమె ఫోన్లో, మళ్లీ.

“కంటి విభాగానికి కలుపుతున్నాను” అంది మెషీన్, మళ్లీ అంతే మర్యాదగా.

ఆమె ఫోన్ బల్ల మీద పడేసింది. భాషాశాస్త్రంలో డాక్టరేట్ చేసి ఈ కంపెనీలో చేరిన రోజు నుంచి ఆఫీసులో ఆమె పేరు ‘వ్యాకరణం’ అయిపోయింది. ఇప్పుడామె పరీక్షిస్తున్నది కంపెనీ కొత్తగా తయారు చేసిన మెషీన్‌ని; ఆస్పత్రికి ఫోన్ చేసిన రోగి మాట విని, తగిన డాక్టరుకు కలిపే మెషీన్ అది. రేపు పొద్దున్నే పనిలోకి దిగుతుంది. సొమ్మసిల్లి పడబోయేవాణ్ణి తీసుకెళ్లి అద్దాల డాక్టరు ముందు కూర్చోబెడుతుంది.

విసురుగా మేనేజరు గదిలోకి వెళ్లింది.

“కళ్లు అన్నారు, కళ్ల డాక్టరుకి పంపింది. తప్పేముంది వ్యాకరణం గారూ?”

“అది కళ్లజబ్బు కాదు సార్. మీకెప్పుడూ కళ్లు తిరగలేదా?”

“మీరిలా వచ్చినప్పుడల్లా తిరుగుతాయి.”

పక్కనున్న ఇంజనీరు కిసుక్కున నవ్వాడు.

“మొగుడు పడిపోయి, కాళ్లూ చేతులూ ఆడట్లేదని ఓ ఇల్లాలు ఫోన్ చేస్తే ఎముకల వార్డుకి పంపుతోంది. ఇలాంటి వాక్యాలన్నీ పోయిన నెలే ఇచ్చాను కదా, నేర్పమని?” అంది ఆమె.

“కవిత్వంలా ఉన్నాయని పక్కన పెట్టాం మేడం” అన్నాడు ఇంజనీరు. “ఇప్పుడు నేర్పాలంటే వారం పడుతుంది.”

“వారమా? కుదరదు” అన్నాడు మేనేజరు. “మెషీన్ మొదట్లో నమస్కారం చెబుతుందిగా, అక్కడ ఓ ముక్క కలపండి. కళ్లు తిరుగుతున్నాయి అనకండి, తల తిరుగుతోంది అనండి, అని. మీ చదువుకి తగ్గ పని.”

ఆమెకి ఒళ్లు మండింది. పడిపోతున్నవాడు మాటలు ఏరుకుని పడాలన్నమాట.

సీటుకొచ్చి రాసింది: ‘మీకు వచ్చినట్టే చెప్పండి. కళ్లు తిరుగుతున్నా, కాళ్లూ చేతులూ ఆడకపోయినా సున్నా నొక్కండి.’ సున్నాని తన బల్ల మీది ఫోనుకే కలిపించింది.

“పొట్టిగా ఉంది, బాగుంది” అన్నాడు మేనేజరు. సున్నా ఎక్కడికి పోతుందో అడగలేదు.

మర్నాడు ఆమె కుర్చీ లాక్కునేలోపే ఫోన్ మోగింది.

“లేస్తే కళ్లు తిరుగుతున్నాయమ్మా.”

“లేవకండి బాబాయ్. దగ్గర ఎవరైనా ఉన్నారా? సరే, డాక్టరుకి కలుపుతున్నా.”

పెట్టేలోపే ఇంకోటి. దాని వెనక ఇంకోటి. గుమ్మంలో మేనేజరు వాచీ చూపించాడు.

“మీటింగ్, వ్యాకరణం గారూ.”

“రాలేను సార్” అంది ఆమె, తలెత్తకుండా. “మీ మెషీన్ పని నేను చేస్తున్నా.”