మైకులో నడిచిన అనిత

గూడూరు దగ్గర ఒక తండాలో ప్రేమ్‌సింగ్ అనే మనిషి ఉన్నాడు. ఆయన నోరు తెరిస్తే చెరువులో చేపలు ఒడ్డుకొచ్చి చెవులు పెట్టేవి. చేపలకు చెవులెక్కడివని అడగొద్దు, ఆయన మాట్లాడుతుంటే మొలిచేవి. ఒక ఏడాది ఆయన చేలో మిరపకాయ కోయడానికి నిచ్చెన వేశారట. ఇంకో ఏడాది గాలివానకు ఎగిరిపోయిన ఆయన దుప్పటి మహబూబాబాద్ స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తూ దొరికిందట.

అలాంటి మనిషి రెండేళ్ళలో నీరసించిపోయాడు. భార్య అనితకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది. రెండు గంటలకోసారి ఆమెను పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండవుతుంది. తిప్పడం, కడగడం, జావ తాగించడం, గోలీలు వేయడం, మళ్ళీ తిప్పడం. నడుమ మోకాళ్ళ మీద ప్రార్థన. మొదట్లో గంటసేపు చేసేవాడు. తర్వాత అరగంట. ఇప్పుడు మోకాళ్ళు వంచేసరికే మాటలు అయిపోతున్నాయి. ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే కనీసం రేపు రమ్మంటారు. దేవుడు రేపు రమ్మని కూడా అనలేదు.

పోయిన క్రిస్మస్ ముందు మహబూబాబాద్‌లో సభలు జరిగాయి. పాస్టరయ్య ఆయన్ని పిలిచి, సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చాడు. సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలు పదిమందిలో చెప్పడం. ప్రేమ్‌సింగ్ దగ్గర ఉన్న మేలు ఒక్కటే. ఆ పొద్దున అనిత చిటికెన వేలు కదిలింది, లేదా కదిలినట్టు ఆయనకు అనిపించింది. అదే చెప్పాడు.

జనం "హల్లెలూయ!" అన్నారు. ఆ కేకకు ఆయన మాటల్లో వేలు కాస్తా చెయ్యి అయింది. రెండో హల్లెలూయకు చెయ్యి పైకి లేచింది. మూడోదానికి అనిత మంచం దిగింది. నాలుగోదానికి మొగుడూ పెళ్ళాం కలిసి గోలీల డబ్బాను బావిలో పారేశారు. డప్పు మోగేసరికి అనిత పొయ్యి ముందు కూర్చుని పదహారు మందికి జొన్నరొట్టెలు కొట్టింది. జనం ఏడ్చారు, ప్రేమ్‌సింగ్ కూడా ఏడ్చాడు. సభ అయ్యాక ఇంటికి వచ్చి, అన్ని రొట్టెలు కొట్టిన మనిషిని చంకల కింద చేతులేసి పక్కకు తిప్పాడు.

ఆ మాటల్ని ఎవరో ఫోన్లో పట్టారు. ఆ సంగతి ఆయనకు జూన్ నెలలో ఒక మధ్యాహ్నం తెలిసింది.

గడప ముందు ఒక ఆడమనిషి నిలబడింది. చేతిలో సంచి, కాళ్ళ నిండా దుమ్ము.

"ప్రేమ్‌సింగన్న ఇల్లు గిదేనా?"

"గిదే చెల్లె. ఏ ఊరు మీది?"

"రేగొండ దిక్కు. నా పేరు పద్మలత. మూడు బస్సులు మారి వచ్చిన. నీ వీడియో మా సంఘంల అందరి ఫోన్లల్ల ఉన్నది." ఆమె ఆయన భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది. "అక్కేది? చేన్లకు పోయిందా?"

ప్రేమ్‌సింగ్ తలుపుకు అడ్డంగా జరిగాడు. నాలుక మీద కథ తయారుగా ఉంది. అనిత జనగామలో తమ్ముడి ఇంటికి పెళ్ళికి పోయింది. ఆ పెళ్ళిలో ఏం వండారో కూడా నాలుకకు తెలుసు.

"నాకేం వద్దన్నా," అంది పద్మలత. "అక్క నడుస్తుంటే ఒక్కసారి కండ్లార చూసి పోత. మా ఆయన కొండల్‌కు గూడ గిదే బీమారి. ఎనిమిది నెలలాయె. దేవుడు పలుకుతలేడు. నాకు నమ్మకం తక్కువైందేమో అనిపిస్తుంది. భూపాలపల్లిల డాక్టరు గోలీలు ఆపితే పానానికే మోసమన్నడు. అయినా రేపటి సంది బంద్ చేస్త. నువ్వు బాయిల పారేస్తేనే గదా దేవుడు పలికిండు?"

జనగామ పెళ్ళి ఆయన గొంతులోనే ఆగిపోయింది. పక్కకు జరిగి, "లోపలికి రా చెల్లె," అన్నాడు.

మంచం మీద అనిత పడుకుని ఉంది. మూతి పక్క నుంచి జావ కారి ఆరిపోయింది. పద్మలత మంచం దాకా వచ్చి వంగి చూసింది.

"గీమెనా?"

"గీమెనే."

"మల్ల పడ్డదా?"

"లేవనే లేదు చెల్లె."

"మరి రొట్టెలు?"

"నేనే చేసిన. అవి గూడ మాడినయి."

"గోలీలు?"

ఆయన కిటికీలోంచి డబ్బా తీసి చూపించాడు. "ఒక్కపూట తప్పలె. పొద్దున గూడ ఏసిన."

పద్మలత సంచి కింద పడేసింది. "నీ నోట్ల మన్నువడ! దేవుని పేరు మీద గింత అబద్ధమా? మా ఆయనకు దినాం నీ వీడియో చూపెడుతున్న. నువ్వు గూడ లేస్తవ్ లే, నమ్ము అని గుంజుతున్న. ఆయన లేవలేక ఏడుస్తుండు. ఎందుకు చెప్పినవ్?"

"వాళ్ళు హల్లెలూయ అంటుండ్రు చెల్లె," అన్నాడు ప్రేమ్‌సింగ్. "దేవుడైతే పలకకపాయె. వాళ్ళన్న పలుకుతుండ్రు గదా అని..."

అనిత కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. మైకులో తాను నడిచిన సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది.

పద్మలత కొంగుతో ముక్కు తుడుచుకుని ఫోన్ తీసింది. "మా దిక్కు ఇంకో ముగ్గురు గోలీలు ఆపుదామని చూస్తుండ్రు. నా మాట ఇనరు. గీ ఫోన్ల చెప్పు, నీ నోటితోనే చెప్పు."

ప్రేమ్‌సింగ్ ఫోన్ వైపు చూశాడు. మిరపచెట్టుకు నిచ్చెన వేసిన మనిషి ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"నేను ప్రేమ్‌సింగ్‌ను. నా భార్య లేవలేదు. నేను చెప్పింది అబద్ధం. గోలీలు ఆపకుండ్రి."

"అంతేనా?"

"ఇంకోటి. నేను దేవుణ్ణి ఇంక అడుగుతనే ఉన్న."

అంతలో అనిత మూలిగింది. తిప్పే వేళ దాటిపోయింది. ప్రేమ్‌సింగ్ ఎప్పటిలాగే వంగి, చంకల కింద చేతులు పెట్టి ఎత్తబోయాడు.

"ఓ అన్నా! ఎత్తుతవేంది, నీ నడుము పోతది!" పద్మలత కొంగు బిగించి మంచానికి అవతలి పక్క నిలబడింది. పరిచిన దుప్పటి అంచు రెండు చేతులతో పట్టుకుంది. "గిట్ల. దుప్పటి గుంజాలె. మనిషే తిరుగుతది."

గుంజారు. అనిత బియ్యం మూటలా కాకుండా మనిషిలా తిరిగింది.

"రెండేండ్ల సంది ఎవ్వరు చెప్పలే," అన్నాడు ప్రేమ్‌సింగ్.

"నడుస్తుందని మైకుల చెప్తే తిప్పుడెట్లనో ఎవలు చెప్తరు?"

ఆయనకు నవ్వొచ్చింది. చాలా రోజులైంది. ఇద్దరూ మంచం పక్కన నేల మీద కూలబడ్డారు. పద్మలత వెంట తెచ్చుకున్న అన్నం సగం ఆయనకు పెట్టింది. కోపం తగ్గలేదు, కానీ ఆకలి ఇద్దరికీ ఒకటే.

"దేవుడు పలకకపోతే ఎందుకడుగుతున్నవ్?" అంది కాసేపటికి. తిట్టడానికి అడగలేదు, తెలుసుకోవాలనే అడిగింది.

"మానేద్దామని చూసిన చెల్లె. మూడు దినాలు మోకాలు వంచలే. నాలుగో దినం అనిత కాళ్ళు కడుగుతుంటె నోట్లెకెళ్ళి దానంతట అదే వచ్చింది, యేసయ్యా అని. ఇంకెవరితోని చెప్పుకోవాలె? ఉన్నడో లేడో అని అనుమానమస్తది. ఆ అనుమానం గూడ ఆయనతోనే చెప్తున్న."

పద్మలత ఇంకో ముద్ద ఆయనకు పెట్టింది. "నేను గూడ గట్లనే," అంది.

సాయంత్రం బస్టాండు దాకా సాగనంపాడు. బస్సెక్కి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"వీడియో పంపిన అన్నా. మస్తు తిడ్తరు నిన్ను."

"తిట్టనీ. కొండలన్నకు గోలీలు?"

"పోంగనే ఏస్త."

బస్సు కదిలింది. ప్రేమ్‌సింగ్ ఇంటికి వచ్చేసరికి ఫోన్ ఆగకుండా మోగుతోంది. పాస్టరయ్య రెండుసార్లు చేశాడు. ఆయనకు ఫోన్ చేసి, "నిజమే అయ్యా, ఆదివారం వచ్చి నేనే చెప్త," అని పెట్టేశాడు. మిగతావాళ్ళు తిట్టేది రేపు వినొచ్చని ఫోన్ బోర్లా పెట్టాడు.

అనిత వేరే వైపు తిరగాలి. దుప్పటి అంచు పట్టుకుని గుంజాడు. ఒక్కడే గుంజితే కాస్త వంకరగా వచ్చింది, సర్దాడు. తర్వాత మంచం పట్టె పట్టుకుని, మోకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నేలకు దించాడు.

"తండ్రీ, మల్ల నేనే."