ఇంకో మూడు చుక్కలు

ఆ ల్యాబులో మొక్కల సీసాలకు మందు కలిపే ఆవిణ్ణి అందరూ చుక్కలక్క అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆమె పని చుక్కలు కొలవడమే. సీసాలో జెల్లీ, జెల్లీలో పంచదార, లవణాలు, వాటిలో పిసరంత హార్మోన్. సైటోకైనిన్ మోతాదు ఎక్కువైతే మొక్క ముక్క చిగుళ్ళు వేస్తుంది, ఆక్సిన్ మోతాదు ఎక్కువైతే వేళ్ళు వేస్తుంది. అంత పెద్ద పేర్లు రోజూ పలికే ఓపిక ఎవరికుంది! అక్కడ ఒకటి చిగురు మందు, ఒకటి వేరు మందు, అంతే.

అక్క మందు కలిపితే, ఆ సీసాల్లో మొక్క ముక్కలు కోసి నాటేది ఆమె సొంత చెల్లెలు. ఇద్దరూ పొద్దున్నించీ సాయంత్రం దాకా ఒకే గదిలో ఉంటారు. ఒకరి దగ్గర ఇంకొకరికి దాపరికం లేదనే చెల్లెలి నమ్మకం.

చిక్కంతా నిమ్మ సీసాల దగ్గర వచ్చింది. ఏడాది కిందట ఒక ముసలాయన తడిగుడ్డలో చుట్టి మూడు రెమ్మలు తెచ్చాడు. ముల్లు లేని నిమ్మ. వాళ్ళన్నయ్య గింజ పాతి మొలిపించిన చెట్టట, అన్నయ్య పోయినా చెట్టు మిగిలిందట. రెమ్మలిచ్చిన నెలకే ఆ చెట్టూ ఎండిపోయింది. ఇక ఆ నిమ్మంటూ ఉంటే ఈ ల్యాబు అరలోనే ఉన్నట్టు. ఆయన నెలనెలా వచ్చి మొక్క ఎప్పుడిస్తారని అడుగుతాడు. వచ్చే నెల అంటుంది చుక్కలక్క. ఆ వచ్చే నెల ఎన్నిసార్లు వచ్చి వెళ్ళిందో ఆమెకే తెలియాలి.

మొదటి విడతలో పన్నెండు చిగుళ్ళను వేరు సీసాల్లోకి మార్చారు. ఒక్కటంటే ఒక్కటి వేరు వెయ్యలేదు. మొదళ్ళు ఉబ్బి, నల్లబడి, కుళ్ళాయి. రకమే మొండిదని ల్యాబు యజమాని తేల్చేశాడు. చుక్కలక్క మాత్రం తల దించుకుని ఖాళీ సీసాలు కడుక్కుంది. కడగదూ మరి! కొలతల చీటీలో మూడు చుక్కలని రాసి ఉంటే, వేరు పట్టదేమోనన్న భయంతో ఇంకో మూడు వేసింది తనే. కూరలో ఉప్పా అది, చూసి వెయ్యడానికి? వేరు మందు హద్దు దాటితే వేరునే అణిచేస్తుందని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది కూడా ఆమే.

అప్పటినించి మిగిలిన చిగుళ్ళను చిగురు మందు సీసాల్లోనే తిప్పుతోంది. అక్కడైతే చావవు, పైగా ఒకటికి మూడవుతాయి. చూడ్డానికి పచ్చగా, గుబురుగా ముచ్చటేసేవి. కింద వేరు మాత్రం లేదు.

ఒకరోజు చెల్లెలు ఒక సీసాని దీపానికి అడ్డం పట్టింది. ఆకులు నీరు పట్టి గాజులా మెరుస్తున్నాయి.

"అక్కా, వీటికి చిగురు మందు మరీ ఎక్కువైంది. ఇంకో నెల ఉంచావంటే వేరూ ఉండదు, చిగురూ ఉండదు."

ఆ మాట అంటుండగానే ముసలాయన వచ్చాడు. ఇక దాచి లాభం లేదనుకుంది చుక్కలక్క. ఆయన్ని కూర్చోబెట్టి, చెల్లెలి ముందే, ఆరు చుక్కల సంగతి మొత్తం చెప్పేసింది. చెల్లెలు చేతిలోని సీసాని బల్ల మీద పెట్టేసింది. ముసలాయన తన చేతులు చూసుకున్నాడు.

"నా చెట్టెలా పోయిందనుకున్నావమ్మా?" అన్నాడు. "ఒక కొమ్మ వాడిందని రోజుకు నాలుగు బిందెలు పోశాను. బుట్టలకు బుట్టలు ఎరువు దట్టించాను. వేళ్ళు కుళ్ళి చచ్చింది. జబ్బు చేసిందని అందరికీ చెప్పుకున్నాను. నిజం నీకే చెబుతున్నా."

చుక్కలక్కకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. తర్వాత లేచి వేరు మందు సీసా చెల్లెలి చేతికిచ్చింది. ఉన్నవాటిలో ఇంకా బాగున్న పదకొండు చిగుళ్ళకు కావలసిన జెల్లీలో చెల్లెలు మూడు చుక్కలు వేస్తుంటే, ముసలాయన గాజు కిటికీ అవతలినించి లెక్కపెట్టాడు. చుక్కలక్క రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. అయినా మూడో చుక్క పడ్డాక, ఇంకోటి వెయ్యమని చెయ్యి ఒకసారి లాగింది.

మూడు వారాలకు నాలుగు మొక్కలు తెల్లటి వేళ్ళు దించాయి. వాటిని మట్టిలోకి మార్చి, పలచని కవరు కప్పి, మెల్లగా బయటి గాలికి అలవాటు చేశారు. రెండు నిలిచాయి.

ఆ రెండు కుండీలనూ ముసలాయన ముందు పెట్టారు. నీళ్ళు ఎన్ని పొయ్యాలని అడిగాడు. వేలు గుచ్చి చూసి, మట్టి పొడిగా ఉంటేనే పొయ్యమంది చుక్కలక్క. ఆయన ఒక కుండీ ఒళ్ళో పెట్టుకుని, రెండోది ఆమె వైపు జరిపాడు.

"ఇది నీ దగ్గరుంచమ్మా. నా చెయ్యి ఆగదు."

"నాదీ ఆగదండీ," అంది చుక్కలక్క.

కుండీ తీసుకెళ్ళి చెల్లెలి బల్ల పక్క కిటికీలో పెట్టింది.