అవ్వ రాయించిన కేకు

మా అవ్వను వెంటబెట్టుకుని బజారుకు వెళ్లడమంటే కొరివితో తల గోక్కోవడమే. అవ్వ అంటే మా వైపు అమ్మే. ఇరవై నాలుగేళ్లుగా ఈ సంగతి తెలిసి కూడా నా పెళ్లి కేకు పురమాయించడానికి ఆమెను తీసుకెళ్లాను. నా తెలివి అలాంటిది.

నిజానికి ఒక్కదాన్నే వెళ్దామనుకున్నాను. చెప్పులేసుకుంటుంటే పట్టుకుంది.

"నేను రాకుంట పెండ్లి వస్తువు ఎట్ల కొంటవే?"

"కేకు వస్తువు కాదవ్వా, తినేది."

"తినేదైతే ఇంకా చూసి కొనాలె. నడువు."

కేకు కోరిక మాత్రం నాదే. నేను బొంబాయి ఫోర్టులో ఒక షిప్పింగ్ ఆఫీసులో టైపిస్టును. మా ఆఫీసులో ఎవరి ఇంట పెళ్లయినా రిసెప్షన్‌లో కేకు కోయడం రివాజు. సావంత్ మేడం కూతురి పెళ్లిలో మూడంతస్తుల కేకు కోశారు. నేను మాత్రం లడ్డూ పొట్లాం చేతిలో పెట్టి పంపిస్తే ఏం బాగుంటుంది? అందుకని పొద్దున పెళ్లి మా గల్లీలో పందిరి కింద, సాయంత్రం రిసెప్షన్ దాదర్‌లో తెలుగువాళ్ల హాల్లో అని ఏర్పాటు చేశాను. శుభలేఖలు కూడా రెండు రకాలు వేయించాను. మా వాళ్లకు పంచిన తెలుగు కార్డు మీద ఇంటి చిరునామా ఉంది. ఆఫీసు వాళ్లకిచ్చిన ఇంగ్లీషు కార్డు మీద దాదర్ హాలు తప్ప ఇంకేమీ లేదు.

ఎందుకంటే ఆఫీసులో చెప్పుకున్నదాన్ని బట్టి నేను పక్క పేట నాగ్‌పాడా పిల్లను. నాలుగేళ్లుగా సాయంత్రం బస్సులో నాగ్‌పాడా దగ్గరే దిగుతాను, బస్సు మలుపు తిరిగేదాకా ఆగుతాను, ఆ తర్వాత కామాటిపురాకు నడుస్తాను. ఆ పేరు వింటే బొంబాయిలో ఎవరికైనా మా ఇళ్లు కాదు, ఒళ్లమ్ముకునే ఇళ్లే గుర్తొస్తాయి. అంతకు ముందు చేసిన ఆఫీసులో ఉన్నదున్నట్టు చెప్పాను. వారం తిరక్కముందే అక్కడి అకౌంటెంటు నవ్వుతూ నన్నొక ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న ఇక్కడ రాయను. నెలాఖరుకి ఆ ఉద్యోగం మానేశాను. అవ్వకు మాత్రం జీతం చాలడం లేదని చెప్పాను.

అవ్వ దగ్గర ఊరి పేరు ఎత్తితే చాలు, ఇంతెత్తున లేస్తుంది. "రాళ్లు మోసి ఈ బొంబాయి కట్టింది మన కామాటోళ్లు. మనమున్నమనే ఈ జాగకు గా పేరు పడ్డది. ఎనుకొచ్చిన దందాకు మన పేరు మనం దాసుకుంటమా? ఆ పోరిలు గూడ కడుపు కోసమే వచ్చిన్రు, వాళ్లనెందుకంటవ్?" అంటుంది. చెప్పేది సబబే. కానీ ఆ సబబు పట్టుకుని ఫోర్టులో ఏ ఆఫీసుకు వెళ్లను?

సరే, కేకు కొట్టుకు బయల్దేరాం. దారిలో ఫాక్‌లాండ్ రోడ్డు గిన్నెల కొట్టు దగ్గర ఆగాల్సిందేనంది. నా పెళ్లికి కొన్న స్టీలు సామాను మీద పేర్లు చెక్కడానికిచ్చింది. పేరు లేని గిన్నె దిక్కు లేని గిన్నె అని మా అవ్వ నమ్మకం. మేముండే వరస గదుల చాల్‌లో ఏ శుభకార్యమైనా అందరి గిన్నెలూ ఒక్కచోట చేరి కలిసిపోతాయి కాబట్టి అందులో తప్పేమీ లేదు. కానీ మా అవ్వ రెండక్షరాలతో వదలదు. ఇచ్చినవాళ్ల పేరు, పుచ్చుకున్నవాళ్ల పేరు, గల్లీ, ఊరు, తేదీ, అన్నీ పడాలి, అదీ మరాఠీలో. చెక్కేవాడు అక్షరానికింత అని తీసుకుంటాడు.

తనకు చదువు రాదు. అందుకని చెక్కిన ప్రతి గిన్నె నా చేత పైకి చదివిస్తుంది. రెండో తరగతి నుంచి నాకిదే పని. ఆ రోజు కూడా నడి ఎండలో రోడ్డు మీద నిలబెట్టి పదకొండు గిన్నెలు, రెండు బిందెలు, ఒక ఇడ్లీ పాత్ర చదివించింది. ఐదో గిన్నె దగ్గర నాకు ఓపిక పోయింది.

"ఇన్ని అక్షరాలెందుకవ్వా? కామాటిపురా తీసేస్తే ఎంత కలిసొస్తుందో చూడు."

"ఊరు లేని పేరు ఎవరిదైతదే? ఆరోది చదువు."

గ్రాంట్ రోడ్డు దగ్గర కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్‌కు చేరేసరికి నాకు తల వాచిపోయింది. ఎవరికి కావలసింది వాళ్లే అరల్లోంచి తీసుకునే దుకాణం అది. వెనకవైపు బేకరీ ఉంది. గుమ్మంలోనే రభస మొదలైంది. వాచ్‌మన్ సంచి ఇక్కడ పెట్టి బిళ్ల తీసుకోమన్నాడు. బిందెలు, ఇడ్లీ పాత్ర కొట్లోనే వదిలొచ్చాం కానీ సంచిలో పదకొండు గిన్నెలున్నాయి.

"నా సంచి నీకెందుకియ్యాలె? నీ దుకాన్ల దొంగలున్నరా?" అంది అవ్వ, తెలుగులోనే. వాడు మరాఠీలో ఏదో అన్నాడు. మా వెనక పదిమంది ఆగిపోయారు. చివరకు వాడి ముందు గిన్నెలన్నీ లెక్కపెట్టించి, మూతి బిగించి, బిళ్ల కొంగున ముడేసుకుంది.

బేకరీ అద్దాల వెనక మూడంతస్తుల తెల్లటి కేకు పెట్టి ఉంది. నేను టోపీ పెట్టుకున్న బేకరీ ఆయనతో బేరం మాట్లాడుతుంటే టక్ టక్ అని చప్పుడు వినిపించింది. తిరిగి చూద్దును గదా, మా అవ్వ పక్క నుంచి చెయ్యి దూర్చి కేకును గోటితో కొడుతోంది.

"మంగా! ఇది సున్నమే!"

"అవ్వా, చెయ్యి తియ్యి."

"ముప్పై ఏండ్లు ఘమేలా తట్టలల్ల సున్నం మాలు మోసిన, నాకు తెల్వదా? గోడకు పూసేది తీస్కొచ్చి తినేటోళ్లకు అమ్ముతున్నరు!" ఈసారి దుకాణమంతా అర్థం చేసుకోవాలని హిందీలో కూడా అంది. "యే చూనా హై, చూనా!"

బిస్కెట్లు కొంటున్న ఒక పార్శీ ముసలావిడ పొట్లాం తిరిగి అరలో పెట్టేసింది. బేకరీ ఆయన మొహం ఎర్రబడింది. అది నమూనా, ప్లాస్టర్‌తో చేసింది, అసలుది ఆర్డరిచ్చాక చేస్తామని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. అవ్వ అయినా ఒప్పుకోలేదు. అసలుది ముక్క తెప్పించి, వాసన చూసి, తిని, "రొట్టెనే, జర తీపెక్కువ" అని తీర్పు చెప్పింది.

ఆ తర్వాత ఎంత పెద్దదన్న పేచీ. చాల్‌లో నలభై రెండు ఖోలీలున్నాయి, గదికొక ముక్క రావాలంది. ఇది ఆఫీసు వాళ్లకు, హాలు దగ్గరే అయిపోతుందన్నాను. "మరి మనోళ్లు మనుషులు కారా?" అంది. తల ప్రాణం తోకకొచ్చింది. రెండంతస్తులది ఒప్పించి, కేకు మీద ఏం రాయాలో కాగితం మీద రాసిచ్చాను. మా ఇద్దరి పేర్లే, మంగళ, నారాయణ. అంతే. అడ్వాన్సు కట్టడానికి క్యాష్ కౌంటర్ లైన్లో నిలబడ్డాను. అవ్వను అక్కడే, ఏమీ ముట్టుకోకుండా ఉండమన్నాను.

ఇరవై నిమిషాలు పట్టింది. తిరిగొచ్చేసరికి అవ్వ, బేకరీ ఆయన ఒకే చాల్‌లో పుట్టి పెరిగినట్టు మాట్లాడుకుంటున్నారు. ఆయన చెవి వెనక పెన్సిల్ పెట్టుకుని నవ్వుతున్నాడు.

"మంచోడే మంగా. అక్షరానికి పైసలు తీసుకోడట!" అంది అవ్వ ఎంతో ఆశ్చర్యంగా.

ఆ మాట దగ్గర ఆగి ఏమిటని అడగాల్సింది. ఎండ, గిన్నెలు, సున్నం, అన్నీ కలిసి నా బుర్రను అరగదీశాయి. అడగలేదు.

పెళ్లి బాగానే జరిగింది. సాయంత్రం ఏడింటికి దాదర్ హాల్లో నేనూ నారాయణా కుర్చీల్లో కూర్చున్నాం. నారాయణ వర్లీలో లిఫ్టు మెకానిక్, నెమ్మదైన మనిషి. ఆఫీసు వాళ్లు ఏడుగురూ వచ్చారు. సావంత్ మేడం నాకు చీర పెట్టింది. అప్పుడే బేకరీ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, పైమూత తీశారు. అందరూ చుట్టూ చేరారు.

కేకు తెల్లగా, నాలుగు ఎర్ర గులాబీలతో అందంగానే ఉంది. కింది అంతస్తు మీద, ముందువైపు, గులాబీ రంగు క్రీముతో నాలుగు వరసల మరాఠీ అక్షరాలు. బాలయ్య గంగవ్వల బిడ్డ మంగళకు. నారాయణకు. తేదీ. ఎనిమిదో గల్లీ. మా నాయిన పోయి ఆరేళ్లయింది, ఆయన పేరు కూడా ఉంది. చివరి మాటకు చోటు ఎక్కువ మిగిలిందేమో, ఆ మహానుభావుడు దాన్ని మిగతా వాటికి రెండింతలు లావుగా రాశాడు. కామాటిపురా.

అరగంటలో కోసి తినేసే దాని మీద గిన్నె మీద చెక్కించినట్టు చెక్కించింది మా అవ్వ! చేతిలో ఉన్న పూలగుత్తిని ఆ మాట మీద పడేటట్టు ఆనించాను. ఇలాంటివి మాత్రం మా అవ్వ కళ్లు దాటవు.

"పూలు తియ్యే, అక్షరాలు కనవడ్తలేవు." తనే తీసి పక్కన పెట్టింది. తర్వాత ఎప్పటిలాగే, ఫాక్‌లాండ్ రోడ్డు మీద అన్నట్టే అంది. "ఇగ చదువు బిడ్డా. సరిగ్గ రాసిండో లేదో."

చదివాను. నాయిన పేరు, అవ్వ పేరు, నా పేరు, నారాయణ పేరు, తేదీ. అక్కడ ఆగిపోయాను.

"గల్లీ? ఊరు?"

"లేదవ్వా. రాయలేదు."

ఏడుగురూ మరాఠీ చదవగలిగిన వాళ్లే. నేను వదిలేసిన మాట వాళ్ల కళ్లెదుట అరచెయ్యంత లావున ఉంది. వాళ్లకు తెలుగు రాకపోయినా నేనెక్కడ ఆగానో తెలుస్తూనే ఉంది. ఎవరి దగ్గర దాచాలనుకున్నానో వాళ్లంతా చదివేశారు. ఆ హాల్లో నేను మోసం చేయగలిగింది చదువు రాని మా అవ్వ ఒక్కదాన్నే. సిగ్గుతో చచ్చిపోయాను.

అవ్వ మొహం చిన్నబోయింది. "పైసల్ తీసుకుంటలేనని ఎగ్గొట్టిండా? మంచోడనుకున్న," అంటూ వేలితో వరసలు లెక్కపెట్టసాగింది. మొదటిది, రెండోది, మూడోది. నాలుగో వరస చివర ఆమె వేలు ఆగింది.

"మరి గిదేంది?"

నేను పక్కన పెట్టిన పూలగుత్తి వంక చూశాను.

"నాకు చదువు రాదు మంగా. కానీ రేషన్ కారటు మీద, మీ నాయిన మున్సిపాల్టీ కాయితాల మీద, నా గిన్నెలన్నిటి మీద ఇన్నేండ్లు చూసిన. గీ ఒక్క ముక్క నేను గుర్తు పడ్త."

అప్పుడు తలెత్తి ఆఫీసు వాళ్ల వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. నేను ఉద్యోగం ఎందుకు మారానో, రెండు పూటలు ఎందుకు పెట్టానో, దాదర్ ఎందుకో, అన్నీ ఆ నిమిషంలో ఒకదానికొకటి కలిసినట్టున్నాయి.

"గందుకా," అంది.

అరుస్తుందనుకున్నాను. వాచ్‌మన్‌తో, బేకరీవాడితో, గిన్నెలు చెక్కేవాడితో కొట్లాడిన మనిషి. ఆమె ఒకరికి తగ్గడం నేను పుట్టి ఎరుగను. అలాంటిది, పక్కన పెట్టిన పూలగుత్తి తనే తీసి, ఆ మాట మీద జాగ్రత్తగా ఆనించి, అక్షరాలు కనబడకుండా రేకులు సర్దింది.

"సరే తియ్యి. కొయ్యి," అని వెనక్కి తగ్గి నిలబడింది.

దానికంటే రెండు చెంపలూ వాయించినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఆ అకౌంటెంటు మీద, ఈ నాలుగేళ్ల నడక మీద, అన్నిటికంటే ఎక్కువ నా మీద. పూలగుత్తి తీసి నారాయణ ఒళ్లో పడేశాను.

"ఎనిమిదో గల్లీ," అని చదివాను. వెనక నిలబడ్డవాళ్లకూ వినిపించేటట్టు మళ్లీ మొదలుపెట్టాను. "ఎనిమిదో గల్లీ, కామాటిపురా."

అది చదివి ఊరుకోలేదు. సావంత్ మేడం వైపు తిరిగి మరాఠీలో చెప్పాను. "మేం ఉండేది అక్కడే. నాగ్‌పాడాలో కాదు."

మా ఆఫీసు అకౌంట్స్ పెద్దాయన గోడ గడియారం వంక చూశాడు. ఒకావిడ గాజులు సవరించుకుంది. సావంత్ మేడం కాసేపటికి, "మీ అమ్మగారు ఎవరు, ఈవిడేనా?" అని అడిగి అవ్వకు నమస్కారం పెట్టింది. సోమవారం ఆఫీసులో ఏమవుతుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అప్పుడనిపించలేదు.

అవ్వ ఇంకా దూరంగానే నిలబడి ఉంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, మెల్లగా దగ్గరికొచ్చి, ఆ పెద్ద మాట వంక అటు నుంచి ఇటు చూసింది.

"అక్షరం తప్పు పోలేదు గద?"

"పోలేదవ్వా. అన్నీ ఉన్నయ్."

నారాయణ నా చేతికి కత్తి ఇచ్చాడు. ఇద్దరం పట్టుకుని కేకు మీద పెట్టబోయామో లేదో, మా అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"ఓసి నీ తెలివి! పేరు మీద పెడ్తవేందే కత్తి? పక్క నుంచి కొయ్యి. గా ముక్క మన గల్లీకి తీస్కపోవాలె."