ఇసుకలో పాతిన కొమ్మలు

ఆ కొమ్మలు పీకింది నేనే.

మిరియం థ్రెల్‌ఫాల్ నడిపే ఆర్థిక సలహా సంస్థలో నా ఉద్యోగం. మా ఊళ్ళో చివరి దశ రోగుల్ని చూసుకునే హాస్పిస్‌కు విరాళాల కోసం మా ఆఫీసు ఏటా జూన్‌లో జనాన్ని అఖాతం మీదుగా నడిపిస్తుంది. సముద్రం వెనక్కి తగ్గిన వేళ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఎనిమిది మైళ్ళ తడి ఇసుక. ముందురోజే మాకు దారి చూపే ఆల్బన్ కర్రతో పొడిచి చూసి, ఊబి లేని దారి పొడవునా లారెల్ కొమ్మలు పాతుతాడు. వాటి వెంట నడిస్తే క్షేమం.

వరసలో చివరివాణ్ణి నేను. చేతిలో గోనెసంచి. ‘ఇసుకలో ఒక్క కాగితం ముక్క కూడా మిగల్చం’ అని కరపత్రంలో రాయించింది కూడా నేనే. అందరూ దాటేశారు కదా, ఇక వీటితో పనేముందని, చెత్తతోపాటు కొమ్మల్నీ పీకి సంచిలో వేసుకుంటూ వచ్చాను.

ఇసుక మధ్య పారే వాగు దాటాక పొగమంచు కమ్మింది. మిరియం తలలు లెక్కపెట్టింది. అరవై మూడు ఉండాలి. అరవై రెండే.

“వినిఫ్రెడ్ గారేరీ?” అంది.

వినిఫ్రెడ్‌కు డెబ్బై ఒకటి. ఆమె భర్త మార్చిలో ఆ హాస్పిస్‌లోనే పోయాడు.

“సగం దారిలో టాయిలెట్ గుడారంలోకి వెళ్ళారు,” అన్నారెవరో.

ఆ గుడారం పక్కనుంచే వచ్చాను. తెర తీసి చూడలేదు.

“కంగారెందుకమ్మా,” అన్నాడు ఆల్బన్. “మంచు పడితే ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు నడుస్తూ రమ్మని పొద్దున్నే చెప్పా. నీకంటే బుర్రున్న మనిషి ఆవిడ. వచ్చేస్తుంది.”

నేను సంచి తెరిచి చూపించాను.

ఆల్బన్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గడియారం చూసుకున్నాడు. “నలభై నిమిషాల్లో పోటు. సంచి తీసుకుని నాతో రా. నేను కర్ర పొడిచిన చోటల్లా ఒకటి పాతు. లేకపోతే మనమూ తిరిగి రాం.”

వెనక్కి నడిచాం. అతను పొడుస్తున్నాడు, నేను పాతుతున్నాను. పది అడుగుల అవతల తెలుపు తప్ప మరేమీ లేదు. ఎక్కడో బుసబుసమని నీటి చప్పుడు. ఏ వైపో తెలియలేదు.

“వినిఫ్రెడ్ గారూ!”

“ఇక్కడ!” సన్నని గొంతు. ఎడమవైపు. దారికి బాగా దూరంగా.

మోకాళ్ళదాకా దిగబడి ఉంది. ముఖం సున్నంలా పాలిపోయింది.

“వెనక్కి వాలి పడుకో తల్లీ! కాళ్ళు తన్నకు!” ఆల్బన్ అరిచాడు. నన్ను బోర్లా పడుకోబెట్టి, నా చీలమండలు తాను పట్టుకున్నాడు. నేను పాక్కుంటూ వెళ్ళి ఆమె చంకల కింద చేతులు వేశాను. ఇసుక నా మోచేతుల కింద జెల్లీలా వణికింది. అప్పుడే మొదటి నీటి పొర వచ్చి నా గడ్డం తడిపింది.

“లాగు! దేవుడికి దణ్ణం తర్వాత పెట్టుకోవచ్చు!”

ఒక కాలు వచ్చింది. బూటు రాలేదు. రెండోది కదల్లేదు. నీరు ఆమె చెవుల దాకా వచ్చింది. ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. లాగాను. భుజంలో ఏదో తెగినట్టయింది. ఊబి పెద్ద చప్పుడుతో వదిలేసింది.

తిరుగుదారిలో నీరు తొడలదాకా వచ్చింది. నీళ్ళపైన కొమ్మల కొసలు మాత్రం కనిపిస్తున్నాయి. ఒక్కొక్కటీ పట్టుకుంటూ, తర్వాతది కనిపించేదాకా ఊపిరి బిగబట్టి నడిచాం. చివరి రెండూ కనిపించలేదు. ఆల్బన్ కర్రే దారి.

ఒడ్డున అంబులెన్స్‌లో దుప్పటి కప్పుకుని కూర్చున్న ఆమె దగ్గరికి వెళ్ళాను.

“కొమ్మలు నేనే పీకానండీ.”



“నా చూపే పోయిందనుకున్నాను బాబూ,” అంది. “ఒక్కటీ కనబడలేదు. నాకే పిచ్చెక్కిందేమోనని... అందుకే గట్టిగా పిలవడానికి కూడా సిగ్గుపడ్డాను.”