నడిమింటి దర్వాజ

రాయచూరులో రోడ్డు వెడల్పు చేసేవాళ్లు తన ఇంటి గోడ మీద ఎర్రరంగు గీత గీసిపోయాక, పంపాపతి బస్సెక్కి శక్తినగర్ వచ్చాడు. కరెంటు కేంద్రం కాలనీలో ఓబులేసు క్వార్టరు కనుక్కుని, అరుగు మీద కూర్చుని, అలివేలమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, అప్పుడు చెప్పాడు.

"ఇల్లు పోతాంది ఓబులేసు. ముందు సగం రోడ్డుకు పోతే వెనక సగం నిలబడదు. నువ్వు ఇల్లు కట్టుకుంటా అంటివి గద. నా దర్వాజలు, దూలాలు, బండలు నువ్వు తీస్కపో. బేరగాండ్లు దినాం వచ్చి అడుగుతున్నరు. వాళ్లకియ్య. వాళ్లు కోసి కిటికీ చెక్కలు జేస్తరు."

ఓబులేసుది కర్నూలు జిల్లా. కేంద్రంలో మొదటి యూనిట్టు లేచే రోజుల్లో సివిల్ సెక్షన్లో సూపర్‌వైజరుగా చేరాడు. అప్పటికి కాలనీలో క్వార్టర్లు పూర్తి కాలేదు. రాయచూరులో పంపాపతి ఇంట్లో ఒక వాటా అద్దెకు తీసుకుని అలివేలమ్మతో కొత్త కాపురం పెట్టాడు. పంపాపతి పత్తి మిల్లులో ఫిట్టరు. ఆయన భార్య జయాబాయి అలివేలమ్మకు తల్లి లేని లోటు తీర్చింది. అలివేలమ్మకు నెలలు నిండకముందే నొప్పులు వచ్చి, ఆసుపత్రికి పోయే వ్యవధి లేకపోతే, జయాబాయే తన నడిమింట్లో పడుకోబెట్టి పురుడు పోసింది. వాళ్ల కూతురు హేమశ్రీ ఆ గదిలోనే పుట్టింది. ఓబులేసు బయట మూసిన తలుపుకు ఆనుకుని నిలబడి బిడ్డ ఏడుపు విన్నాడు.

ఆ తలుపు కూడా పంపాపతి కొత్తగా చేయించింది కాదు. తను పనిచేసే మిల్లులో పాత గోదాము కూల్చినప్పుడు అందులోని టేకు దూలాలు, తలుపులు తెచ్చుకుని, ఒక్కొక్కటే సాపు చేయించి ఇల్లు కట్టుకున్నాడు. "ఈ కట్టె నాకంటే పెద్దది. నా తర్వాత గూడ ఉంటది" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

జయాబాయి పోయి అప్పటికి రెండేళ్లు కాలేదు. ఒకరోజు పొద్దున పూలు కోస్తూ కోస్తూ గుండె పట్టుకుని కూలబడింది. నడిమింట్లోకి తెచ్చి పడుకోబెట్టేలోపే ప్రాణం పోయింది.

"తప్పకుండా తీసుకుంటా మామా" అన్నాడు ఓబులేసు. "నువ్వొచ్చి చూసుకుందువు గానీ. నీ ఇల్లు యాడికీ పోదు, మా ఇంట్లోనే ఉంటాది."

ఆ మాటకు పంపాపతి కళ్లు తుడుచుకున్నాడు.

ఇల్లు విప్పేటప్పుడు మిషను పెట్టనివ్వలేదు పంపాపతి. ఎదురుగా సైకిల్ షాపు నీడలో స్టూలు వేసుకుని కూర్చుని, కప్పు దగ్గర్నుంచి కిందికి ఒక్కో వరసే దించమన్నాడు. సున్నంతో కట్టిన గోడలు కాబట్టి గడ్డపారతో కదిలిస్తే ఇటుక ఇటుకగా ఊడివచ్చాయి. కూలివాళ్లు వాటికి అంటిన సున్నం గీకి పక్కన పేర్చారు. షాబాద్ బండలు అంచు విరగకుండా గోనెసంచుల మీద పరిచారు. దర్వాజలు దించాక పంపాపతి లేచి వచ్చి సుద్దముక్కతో దేని మీద దాని పేరు రాశాడు. వీధి దర్వాజ. వంటిల్లు. దేవుని అర్ర. నడిమిల్లు. పక్క ఇళ్లవాళ్లు రెండు రోజుల్లో మిషనుతో కూల్చేసుకుని, ఆ గుట్టనంతా ట్రాక్టర్లలో ఊరవతల వాగు గట్టున పోయించారు. పంపాపతి ఇంటి నుంచి వాగుకు పోయిందల్లా మట్టీ, పొడి సున్నమూ మాత్రమే.

సామానంతా లింగసుగూరు రోడ్డులో ఓబులేసు కొన్న స్థలానికి చేరింది. పిల్లలు లేని పంపాపతి కూరగాయల సంత దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండిపోయాడు.

ముగ్గు పోసే రోజుకు అలివేలమ్మ అన్న రంగయ్య ఆదోని నుంచి వచ్చాడు. రేకుల కింద పేర్చి ఉన్న దర్వాజలను చూసి ఎవరివని అడిగాడు. అలివేలమ్మ చెప్పింది. ఆయన మొహం మారిపోయింది.

"మనిషి పోయిన ఇంటి గడపలు తెచ్చి కొత్తింటికి ఎక్కిస్తారా? పిల్ల మొన్ననే గదా కామెర్లతో మంచం పట్టి లేచింది! నీకు భయం లేదా చెల్లీ?"

"ఆమె మాకు పరాయిదా అన్నా" అంది అలివేలమ్మ. కానీ గొంతులో గట్టితనం లేదు. హేమశ్రీ పచ్చబడిన కళ్లు ఆమెకు ఇంకా మరపు రాలేదు.

ఓబులేసు కాసేపు వాదించాడు. ఇవన్నీ పాతకాలపు మాటలన్నాడు. రంగయ్య వినలేదు. అలివేలమ్మ ఎటూ చెప్పలేదు. రెండు రోజులు ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. చివరికి ఓబులేసు మేస్త్రీ ఈరేష్‌ను పిలిచి, పాత సామాను ఏదీ వాడొద్దు, ఒక పక్కన పెట్టు అన్నాడు. పంపాపతికి ఆ సంగతి తనే పోయి చెప్పాలనుకున్నాడు. వచ్చే వారం చెబుదామనుకున్నాడు. ఆ తర్వాతి వారం కూడా అలాగే అనుకున్నాడు.

ఆ నెలలోనే కేంద్రంలో ఒక యూనిట్టు ఆపి మరమ్మతులు మొదలుపెట్టారు. ఓబులేసుకు ఊపిరాడని పని. ఒకరోజు ఈరేష్ ఫోన్ చేశాడు.

"సార్, బేస్మెంట్ నింపాలె. మొరం ట్రాక్టర్లు దొరుకుతలేవు. ఈ పాత ఇటుకలు, బండలు ఊరికే పడున్నయి. పగలగొట్టి లోపల వేయాల్నా?"

ఓబులేసు చుట్టూ వెల్డింగు మోతలు. ఎవరో పక్కనుంచి సంతకం కోసం తొందరపెడుతున్నారు.

"నీ ఇష్టం" అన్నాడు.

వారం తర్వాత స్థలం దగ్గరికి వెళ్లేసరికి పునాది గోడల మధ్య అంతా సమంగా నిండి ఉంది. ఎర్ర ఇటుక ముక్కలు, నల్లటి బండ పెళ్లలు, వాటి మీద నీళ్లు చల్లి దిమ్మిస చేస్తున్నారు. రేకుల కింద దర్వాజలు సగమే మిగిలాయి. చలికాలం. కూలివాళ్ల పొయ్యిలో ఒక గడప కొస మండుతోంది. మండని వైపున సుద్దతో రాసిన 'దేవుని' అన్న మాట కనబడుతూనే ఉంది. తీయండర్రా అని అరిస్తే ఆ ముక్క అయినా మిగిలేది. ఓబులేసు అరవలేదు. ఎందుకు అరవలేదో ఆ తర్వాత ఎన్నోసార్లు ఆలోచించుకున్నాడు. అప్పటికే అంతా అయిపోయింది, ఇక ఎవరిని తిడితే ఏం లాభం అనిపించింది. స్కూటరు తిప్పుకుని వెళ్లిపోయాడు. మిగిలిన కట్టె సంగతి కూడా మళ్లీ అడగలేదు.

గృహప్రవేశానికి పంపాపతి ఇస్త్రీ చేసిన ధోతీ కట్టుకుని, నల్లటోపీ పెట్టుకుని వచ్చాడు. అలివేలమ్మ చేతికి పసుపు, కుంకుమ, చీర ఇచ్చాడు. "జయా ఉంటే తనే కొనేది" అన్నాడు. తర్వాత మెల్లగా ఇల్లంతా తిరిగాడు. ప్రతి గది ముందూ ఆగి దర్వాజ మీద చెయ్యి వేశాడు. అన్నీ కొత్తవి, రంగు వాసన కొడుతున్నవి. వంటిల్లు చూశాడు, పడకగది చూశాడు, పెరటి వైపు వెళ్లి వెనక్కి వచ్చాడు. అప్పటికి భోజనాల దగ్గర ఉన్న ఓబులేసు దగ్గరికి వచ్చి చిన్నగా అడిగాడు.

"మనవి యాడ పెట్టినవు?"

చుట్టూ చుట్టాలు. రంగయ్య అక్కడే వడ్డన చూస్తున్నాడు.

"పైన ఇంకో అంతస్తు వేస్తాం మామా. దానికోసం దాచిపెట్టినాం" అన్నాడు ఓబులేసు.

పంపాపతి మొహం విప్పారింది. "అట్లనా! నేను ఇంకేందో అనుకుంటి. పైన అయితే మంచిదే, గాలి మంచిగ ఆడ్తది. చెద గూడ పట్టది" అన్నాడు. ఆ రోజు కడుపు నిండా తిన్నాడు.

దాంతో ఆ అబద్ధం ఓబులేసును వదల్లేదు. రాయచూరు బజారులో కనబడినప్పుడల్లా పంపాపతి, పైన ఎప్పుడు మొదలుపెడతవని అడిగేవాడు. వానలు పోనీ మామా అనేవాడు ఓబులేసు. ఎండలు తగ్గనీ అనేవాడు. కొన్నాళ్లకు బజారుకు వేరే దారిన పోవడం నేర్చుకున్నాడు.

మరుసటి ఏడు ఉగాది దాటాక, ఒక ఆదివారం పంపాపతి చేతిసంచీతో ఇంటికే వచ్చాడు. హాల్లో కింద కూర్చుని సంచీ విప్పాడు. లోపల పాత తలుపుల ఇనప బందులు, ఇత్తడి గొళ్లాలు. చింతపండుతో తోమి నూనె పెట్టినట్టున్నాడు, మెరుస్తున్నాయి.

"ఇల్లు ఇప్పేటప్పుడు వీటిని నా దగ్గరే పెట్టుకున్న, పోతయేమోనని. ఇసొంటివి ఇప్పుడు దొరకవు. నా ఆరోగ్యం జర ఖరాబ్ అయితాంది ఓబులేసు. పైన కట్టేనాటికి ఉంటనో లేదో. అందుకే తెచ్చిన. ఈ పెద్దది నడిమింటిది. దానికే పెట్టు, వేరేదానికి పట్టది."

ఓబులేసు చెయ్యి చాపాడు. ఆ గొళ్లెం అరచేతిలో పడింది. అట్లాగే మామా అనబోయాడు. అంతలో వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న అలివేలమ్మ ముందుకు వచ్చి ఆయన ఎదురుగా కూలబడింది.

"లేవు మామా. అవి లేవు. ఏమీ మిగల్లేదు."

పంపాపతికి వెంటనే అర్థం కాలేదు. "ఏంది లేవు?"

"దర్వాజలు కాలిపోయినాయి. ఇటుకలు, బండలు పగలగొట్టి ఈ నేల కింద పోసేసినారు. అన్న మాట విని నేనే నోరు మూసుకున్నా. అత్త పోయిన ఇంటివని... అత్త చేతుల మీద నా బిడ్డ పుట్టింది మామా, అయినా నేను..."

ఓబులేసు తల వంచుకుని ఉన్నాడు.

పంపాపతి తను కూర్చున్న చోట నున్నటి టైల్సును చూశాడు. "ఈడనేనా?" అని అడిగాడు.

ఆయన రెండు చేతులూ నేలకు ఆనించి కష్టపడి లేచాడు. గోడ పక్కగా, మెల్లగా అడుగులు వేసుకుంటూ బయటికి నడిచాడు. ఓబులేసు సంచీ పట్టుకుని వెంటపడితే, చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

"నాకెందుకు? ఎవరికన్న పనికొస్తే ఇయ్యి."

ఆ మధ్యాహ్నమే ఓబులేసు ఈరేష్ ఇంటికి వెళ్లాడు. ఒక్క ముక్కైనా ఎక్కడైనా మిగిలిందేమో చెప్పమని బతిమాలాడు.

"కాలిపోంగ మిగిలినవి కొన్ని కూలోళ్లు తీస్కపోయిండ్రు సార్. ఉలిగెమ్మ అని, దేవదుర్గ దిక్కుది. ఒక దర్వాజ బండి మీద ఏస్కపోయినట్టు యాదికుంది. ఇప్పుడు గిల్లేసూగూరుల ఉంటాంది."

గిల్లేసూగూరు చివర, పొలాల అంచున, రేకులూ తడికెలూ కలిపి కట్టిన గుడిసె అది. దానికి ఆ దర్వాజ ఉంది. గుడిసె కంటే తలుపే బరువుగా కనబడుతోంది. బందులు లేవు కాబట్టి పాత టైరు ముక్కలు మేకులతో కొట్టి తలుపు నిలబెట్టారు. చెక్క ఎండకు వెలిసినా, వాన తగలని లోపలి వైపు రెక్క మీద సుద్ద అక్షరాల జాడ ఇంకా ఉంది. నడిమిల్లు. బిడ్డ ఏడుపు విన్న రోజు తను ఆనుకున్నది ఈ చెక్కకే.

ఉలిగెమ్మ ఓబులేసును గుర్తుపట్టి భయపడింది. "కద్దిల్ల సార్" అంది కన్నడంలో. దొంగతనం చేయలేదని, మేస్త్రీని అడిగే తెచ్చానని, కావాలంటే ఇప్పుడే ఇచ్చేస్తానని వచ్చీరాని తెలుగులో చెప్పింది. లోపలి పిల్లను బయటికి పిలిచి, తలుపు ఊడదీయడానికి సుత్తి కోసం వెతకసాగింది. లోపల ఒక గంగాళం, చాపలు, మూటగట్టిన బట్టలు కనబడ్డాయి. ఆ తలుపు తీసేస్తే అన్నీ దారిన పోయేవాళ్లకు కనబడతాయి.

"వద్దమ్మా, వద్దు. అది నీదే. ఉండనీ" అన్నాడు ఓబులేసు.

ఊళ్లోకి పోయి వడ్రంగిని పిలుచుకొచ్చాడు. టైరు ముక్కలు తీయించి, పంపాపతి బందులు వేయించాడు. పెద్ద గొళ్లెం దాని పాత గుంతల్లో సరిగ్గా కూర్చుంది. ఉలిగెమ్మ లోపలి నుంచి ఒకసారి, బయటి నుంచి ఒకసారి వేసి చూసింది. ఈ మనిషి ఎందుకు ఇదంతా చేస్తున్నాడో ఆమెకు తెలియలేదు. అడగనూలేదు.

మర్నాడు ఓబులేసు సంత దగ్గరి గదికి వెళ్లాడు. పంపాపతి కోపంగా లేడు. స్టవ్ మీద టీ కాచి ఇచ్చాడు. ఓబులేసు గిల్లేసూగూరు సంగతంతా చెప్పాడు. ఆయన టీ తాగుతూ విన్నాడు.

"ఆమెకు పిల్లలున్నరా?"

"ఒక ఆడపిల్ల ఉంది మామా."

"మంచిది."

"స్కూటర్ మీద తీసుకుపోతా. ఒకసారి చూద్దువు గానీ."

"వద్దులే. నేను పోయి నిలబడితే, మళ్ల అడుగుతున్నరేమో అని ఆమె గాబరా పడ్తది."

ఓబులేసు ఖాళీ గ్లాసు చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. తర్వాత అన్నాడు. "మా ఇంటికన్నా రా మామా. అలివేలు నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. నువ్వొచ్చి ఒక మాటంటే..."

పంపాపతి ఆ గ్లాసు అందుకుని పక్కన పెట్టాడు. సంతలో వేలంపాట కేకలు వినబడుతున్నాయి.

"అలివేలు మీద నాకు కోపం లేదు. నీ మీద గూడ లేదు. పాపను తీస్కొని మీరే రాండ్రి, ఈడ కూసుందం, తిందం. గని నీ ఇంట్ల మాత్రం నేను నడవలేను ఓబులేసు. కాలు పెట్టబుద్ధి గాదు."

అన్నట్టే ఆయన మళ్లీ ఆ ఇంటికి రాలేదు. వీళ్లే పండగలకు అన్నం కట్టుకుని సంత దగ్గరికి వెళ్లేవాళ్లు. ముగ్గురూ ఆ చిన్న గదిలో ఆయనతో కలిసి తిని వచ్చేవాళ్లు. మూడో ఏడు వానాకాలంలో పంపాపతి జ్వరంతో ఆసుపత్రిలో పోయాడు. ఇంటి యజమాని శవాన్ని గదికి రానివ్వనంటే, ఓబులేసు తన ఇంటికి తీసుకుపోతానన్నాడు. అలివేలమ్మ ఆపింది.

"ఆయనకు ఇష్టం లేదు గదా" అంది.

ఆసుపత్రి నుంచే నేరుగా శ్మశానానికి తీసుకెళ్లారు.