తొమ్మిది ఒకట్ల వర్గం

ఉషారాణి ఎడమ చిటికెనవేలిని సత్తిబాబు వెనక్కి విరిచాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఆమె కేక రేకుల షెడ్డు దాటలేదు. బయట ఇసుక లారీల ఇంజన్లు మోగుతూనే ఉన్నాయి.

"పాస్‌వర్డు చెప్పవే!"

రాజమండ్రి కాలేజీలో ఆమె లెక్కల లెక్చరరు. వలలేసే చోట ఇసుక తవ్వొద్దన్నందుకు ఆమె తమ్ముడు సురేష్‌బాబుని గోదారొడ్డున ఈ ఇసుక ర్యాంపు నడిపే సత్తిబాబే పారతో కొట్టి చంపాడు. ఎవరో పడవలోంచి తీసిన వీడియో ఆమెకు చేరింది. దాన్ని ఆన్‌లైన్‌లో దాచి తాళం వేసింది. ఫోను పగలగొడితే పోయేది కాదు, తెరిచి చెరిపెయ్యాలి. మర్నాడు కోర్టులో ఇస్తుందని తెలిసి, కాలేజీ నుంచి వస్తుంటే దారికాచి ఎత్తుకొచ్చారు.

రెండో వేలు పట్టుకునేసరికి ఆమె తట్టుకోలేకపోయింది.

"తొమ్మిది ఒకట్లు వేసి, దాన్ని దాంతోనే గుణించండి. వచ్చిందే పాస్‌వర్డు."

ఒకటి నుంచి తొమ్మిది దాకా ఎక్కి, మళ్ళీ ఒకటి దాకా దిగే సంఖ్య అది. ఎటు నుంచి చదివినా ఒకటే. అంకెలన్నీ కూడితే ఎనభై ఒకటి. ఆ ఎనభై ఒకటితో భాగిస్తే శేషమే మిగలదు. చిన్నప్పుడు తనే నేర్పితే, సురేష్ తెడ్డు వేస్తూ దాన్ని పాటలా చదివేవాడు.

సత్తిబాబు మనిషి గణేష్‌బాబు తన ఫోన్లో గుణించి, వచ్చిన అంకెలు పైకి చదువుతూ ఆమె ఫోన్లో కొట్టాడు. "...నాలుగు, మూడు, రెండు, సున్నా."

సున్నా! ఒకటితో ముగిసేదాన్ని ఒకటితో ముగిసేదాంతో గుణిస్తే చివర ఒకటే రావాలి. అంత పెద్ద సంఖ్యని పట్టలేక ఆ ఫోను చివరి అంకెని సర్దేసింది. ఉషారాణి పళ్ళు బిగించి ఊరుకుంది.

ఆమె ఫోను తప్పన్నది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ తప్పే. ఆఖరికి గంటదాకా తెరుచుకోనంది.

సత్తిబాబు ఆమె డొక్కలో తన్నాడు. "నాతో అబద్ధాలా?"

"నిజమే చెప్పాను." ఆమె నెత్తురు ఉమ్మింది. "తప్పింది మీ ఫోను."

జుట్టు పట్టి గోదాట్లోకి ఈడ్చుకెళ్ళి తల నీళ్ళలో ముంచాడు. ముక్కులోకి, గొంతులోకి ఇసుకనీళ్ళు పోయాయి. కళ్ళు చీకట్లు కమ్ముతుండగా పట్టు హఠాత్తుగా వదిలింది.

దారిలో పడున్న ఆమె స్కూటీని చూసి, ఆమె తల్లి, చిన్నమ్మాయి అనే జాలరి, తమ వాళ్ళ పడవలన్నీ వేసుకుని ఏరంతా వెతుకుతోంది. ఒడ్డుకి తగలకముందే పడవలోంచి దూకి సత్తిబాబు మోకాలి మీద తెడ్డుతో కొట్టింది. పడ్డాడు. మొహం మీద కొట్టింది. పళ్ళు రాలాయి. గణేష్‌బాబుని మిగతా జాలర్లు ఇసుకలో పడేసి తొక్కుతున్నారు.

"ఒరేయ్, నా కొడుకుని ఇలాగే కదరా కొట్టావు!"

"అమ్మా, చాలు!" ఉషారాణి పాక్కుంటూ వెళ్ళి తెడ్డు పట్టుకుంది. "వీణ్ణి బతకనీ. రేపు జడ్జిగారి ముందు నిలబడాలి."

చిన్నమ్మాయి తెడ్డు వదిలేసింది. అరుపులు విని లారీల వాళ్ళు అప్పటికే పోలీసులకి ఫోను చేశారు. ఆసుపత్రికి తీసుకెళ్తున్న పడవలో కూతురి తల ఒళ్ళో పెట్టుకుని చిన్నమ్మాయి అడిగింది.

"ఆ వీడియోలో నీ తమ్ముడు నన్ను పిలిచాడా?"

ఉషారాణి కళ్ళు మూసుకుంది.

"పిలిచాడమ్మా."